మోయగలిగినంతే: నడక గురించీ, నెత్తికెత్తుకున్న పనుల గురించీ తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రిల్ సారుగా పనిచేశాను. ఇప్పుడు కర్నూలు ఔట్‌డోర్ స్టేడియంలో పొద్దున్నే కొంతమందిమి కలిసి నడుస్తాం. కొత్తవాళ్లు జనవరిలో వస్తారు, శివరాత్రి నాటికి కనబడరు. మళ్లీ ఎప్పుడో రైతుబజార్లో ఎదురై అవే అనుమానాలు అడుగుతారు. కూరగాయల సంచి పట్టుకుని అదే జవాబు వందోసారి చెప్పడం కంటే రాసిపెట్టడం మేలనిపించింది. ప్రశ్నలు వాళ్లు అడిగినట్టే ఉంచాను. మీకు కావలసినది చదువుకుని తక్కినవి వదిలేయండి. నేను డాక్టరును కాను, మందుల మాట మీ డాక్టరుదే.

## మొదలుపెట్టే ముందు

సార్, రోజుకు ఎంత నడిస్తే సరిపోతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ఇది: పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానితోపాటు కనీసం 2 రోజులు కండరాలకు బలమిచ్చే పని. 65 దాటినవాళ్లు తూలి పడకుండా నిలదొక్కుకునే కసరత్తులు కూడా వారానికి 3 రోజులు చేయాలి. ఈ అంకెలు చూసి చాలామంది మొదటిరోజే గంట నడిచి నాలుగోరోజు మంచమెక్కుతారు. అదే పత్రంలో ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: అసలు చేయకపోవడం కంటే కొంచెం చేసినా మేలే.

నేను కొత్తవాళ్లకు పెట్టే కొలత వేరు. ఇంటికి చుట్టాలు దిగినరోజు, ఆఫీసులో తిట్లు తిన్నరోజు, రాత్రంతా కరెంటు లేక నిద్ర పట్టని మర్నాడు కూడా మీరు చేయగలిగేది ఎంత? పది నిమిషాలా? అయితే మీ కొలత పదే. బాగున్నరోజు నలభై నడవండి, ఆ ముప్పై కొసరు. మాది పత్తికొండ పక్క మెట్టపల్లె. వాన పడింది కదా అని మా నాయన విత్తనం వేసేవాడు కాదు. దుక్కిలో చెయ్యి పెట్టి, మట్టి పిడికిట పట్టి, పదును ఎంత లోతు దిగిందో చూసి వేసేవాడు. ఒక్క పెద్దవానకు మురిసి శెనక్కాయ విత్తి, ఆపైన మొలక ఎండిపోతే తలపట్టుకున్నవాళ్లు మా పక్క ఇంటికొకరు ఉంటారు. జనవరి ఒకటో తారీఖు ఉత్సాహం అలాంటి వానే.

రోజుకు 10,000 అడుగులు వేయాలంట కదా? నా ఫోన్లో 4,000 దాటదు.

ఆ 10,000 డాక్టర్లు తేల్చిన అంకె కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడు, 1965లో, జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరు ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరు ‘మాన్‌పో-కెయ్’, అంటే పదివేల అడుగుల మీటరు. అంకె గుండ్రంగా ఉంది, జనం నోట నిలిచిపోయింది. 2019లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో సగటున 72 ఏళ్లున్న 16,741 మంది స్త్రీలను గమనించారు. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ. 7,500 దగ్గరికి వచ్చేసరికి ఆ లాభం పెరగడం ఆగిపోయింది. కాబట్టి మీ 4,000 చూసి చిన్నబోకండి, వచ్చేనెలకు 4,500 చేయండి, చాలు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం పొద్దంతా తలొంచుకుని తిరిగేవాళ్లున్నారే, వాళ్లలో అడుగులు లెక్కపెట్టేవాడు ఒక్కడూ ఉండడు.

ముందు డాక్టరుకు చూపించుకోవాలా?

మెల్లగా పది నిమిషాలు నడవడానికి చాలామందికి అక్కర్లేదు. గుండెజబ్బు ఉన్నా, బీపీ అదుపులో లేకున్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టున్నా, ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయినా చూపించుకున్నాకే మొదలుపెట్టండి.

జిమ్‌లో చేరాలా? మంచి షూ, వాచీ కొనాలా?

రిటైరైన ఏడాది నేనూ ఒక జిమ్‌లో చేరాను. ఏడాది ఫీజు ఒకేసారి కడితే సగానికి సగం తగ్గిస్తామన్నారు. కట్టాను. పదకొండు రోజులు పోయాను. తప్పు జిమ్‌ది కాదు, కట్టిన డబ్బే నన్ను లాక్కుపోతుందనుకోవడం నా తప్పు. డబ్బు ఎవరినీ లాక్కుపోదు, బాధపెడుతుందంతే. అందుకే ముందు రెండునెలలు ఏమీ కొనకండి, షూ తప్ప. షూ సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. వేళ్ల ముందు బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి. షుగరు ఉన్నవాళ్లు తొడుక్కునే ముందు షూలోపల చెయ్యి పెట్టి తడిమి చూడాలి. స్పర్శ తగ్గిన పాదానికి చిన్న రాయి కూడా పుండు చేస్తుంది.

పొద్దుటినుంచి రాత్రిదాకా ఇంట్లో చాకిరీ చేస్తూనే ఉంటాను. నాకు మళ్లీ వాకింగ్ ఎందుకు?

ఇది ఆడవాళ్లే అడుగుతారు. గొంతులో కోపం ఉంటుంది, అది న్యాయమైన కోపం. ఇంటిపని శ్రమ కాదని ఎవరూ అనలేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని లెక్కలోనే వేసింది. బిందెలు మోయడం, దుప్పట్లు ఉతకడం, ఇల్లంతా తుడవడం, ఊపిరి కొంచెం పెరిగేలా చేసిన ఏ పనైనా నిమిషాల్లోకి వస్తుంది. పొయ్యి దగ్గర రెండుగంటలు నిలబడటం మాత్రం రాదు. అందులో కాళ్లు పీకుతాయి, నడుం పట్టేస్తుంది, గుండెకు మాత్రం పని ఉండదు. అలసట వేరు, వ్యాయామం వేరు. మీకు మొదటిది కావలసినదానికంటే ఎక్కువ దొరుకుతోంది.

అందుకే ఇలాంటివాళ్లకు ‘నడవండమ్మా’ అని చెప్పడం మానేశాను. ముందు రోజులో ఇరవై నిమిషాలు ఎవరి పనికీ చెందనివి సంపాదించండి. ఆ ఇరవై నిమిషాలు నడుస్తారో, కాళ్లు చాచుకుని కూర్చుంటారో తర్వాతి సంగతి. మా వీధిలో ఒక అక్క వాకింగ్ పోతానంటే ‘ఈ వయసులో నీకెందుకు’ అన్నారని, సాయంత్రం ఆంజనేయస్వామి గుడికి పోతానంది. గుడికంటే ఎవరూ అడ్డం చెప్పలేదు. పోనూ రానూ నడక, పదకొండు ప్రదక్షిణలు, మొత్తం అరగంట. రెండేళ్లయింది, మానలేదు. ఇంట్లో మగవాళ్లకు ఒక మాట: ఆమెకు వాకింగ్ షూ కొనిపెట్టి ఉద్ధరించామనుకోకండి, రాత్రి గిన్నెలు మీరు తోమండి.

పొద్దున మంచిదా, సాయంత్రం మంచిదా?

మీరు మానకుండా ఉండగలిగే పూట మంచిది. షుగరు ఉన్నవాళ్లకు భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాల నడక అన్నం తిన్నాక పెరిగే షుగరును తగ్గిస్తుంది, కాబట్టి రాత్రి భోజనమయ్యాక వీధిలో ఒక చుట్టు కూడా వదులుకోదగింది కాదు.

## మొదటి రెండు నెలలు

21 రోజులు చేస్తే అలవాటైపోతుందంటారు. నాకు నెలైనా బద్ధకం పోలేదు.

పోదు. ఆ 21 రోజుల మాట 1960లో ఒక అమెరికా ప్లాస్టిక్ సర్జన్ రాసినదాన్నుంచి వచ్చింది. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటుపడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతుందని ఆయన గమనించాడు. ‘కనీసం’ అన్నమాట ఎక్కడో జారిపోయింది. 2010లో లండన్‌లో నిజంగా లెక్కవేసి చూస్తే ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 వరకు. కొత్తవాళ్లకు నేను చదివి వినిపించేది అందులోని ఇంకో సంగతి: మధ్యలో ఒకరోజు తప్పినవాళ్లకు చెప్పుకోదగ్గ నష్టమేమీ జరగలేదు. నిన్న పోలేదు కనుక ఇక అంతా అయిపోయిందనుకునేవాళ్లే మానేస్తారు.

ఎంత వేగంగా నడవాలి?

పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే ఓ మోస్తరు శ్రమ. పాట వస్తోందంటే కొంచెం వేగం పెంచండి, మాట కూడా తెగుతోందంటే తగ్గించండి. రెండునెలలు ఇలా నడిచాక జగన్నాథగట్టు ఎక్కాలనిపిస్తే ఎక్కండి, మొదటిసారి సగం దాకా పోయి తిరిగిరండి.

మొదటి వారమే పిక్కలు పట్టేశాయి. ఇదేమన్నా తేడానా?

కాదు. అలవాటులేని కండరానికి పని పెడితే మర్నాడు నొప్పి మొదలై, రెండోరోజు, మూడోరోజు బాగా తెలుస్తుంది, తర్వాత దానంతట అదే తగ్గుతుంది. ఆ రెండురోజులు సగం దూరం నడవండి, పూర్తిగా పడుకోకండి. ఒక్క కాలే వాచి, వేడిగా ఉండి, పిక్క నొక్కితే నొప్పిగా ఉంటే మాత్రం అది కండరం పట్టడం కాకపోవచ్చు, రక్తం గడ్డకట్టినా అలాగే ఉంటుంది. ఆరోజే డాక్టరు దగ్గరకు పోండి.

ఒక్కడినే నడవాలంటే విసుగు. గుంపులో పోతే వాళ్ల వేగం అందుకోలేను.

గుంపులో నడవండి, గుంపు వేగంతో నడవకండి. మైదానం గుండ్రంగా ఉండేది అందుకే, వెనకబడ్డవాడు కూడా ముందున్నట్టే కనబడతాడు. మేమైతే కలిసి బయలుదేరతాం, ఎవరి చుట్టు వాళ్లు తిరుగుతాం, టీ దగ్గర కలుస్తాం. ఒక్కరే నడిచేవాళ్లు దారి మార్చుకోవచ్చు. ఒకరోజు కేసీ కెనాల్ గట్టు, ఒకరోజు కొండారెడ్డి బురుజు పక్క. కుక్కల గుంపులుండే సందులు మాత్రం తెల్లవారకముందు వద్దు.

నడక ఒక్కటి చాలదా? ఈ వయసులో బరువులెత్తాలా?

చాలదు, కానీ ఇనుప గుండ్లు అక్కర్లేదు. గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి మళ్లీ మెల్లగా కూర్చోవడం ఎనిమిది, పదిసార్లు. గోడకు చేతులాన్చి ముందుకు వంగి వెనక్కు తోయడం ఇంకో పది. కిటికీ ఊచ పట్టుకుని మడమలెత్తి మునివేళ్లమీద నిలబడటం పది. వారానికి రెండు రోజులు, పది నిమిషాల పని. మా జేజి ఎనభై దాటాక కూడా నేలమీద కూర్చుని రోకలితో శెనక్కాయల ఊరిబిండి నూరి, ఏమీ పట్టుకోకుండా లేచేది. ఇప్పుడు యాభైకే సోఫా చేతులు పట్టుకుని లేస్తున్నాం. రోజుకు ఒక్కపూటైనా నేలమీద కూర్చుని తినండి, కూర్చోగలిగితే.

నడిచాక ఉగ్గాని, బజ్జీ తింటే నడిచిందంతా పోయినట్టేనా?

బరువు లెక్క ఒక్కటే చూస్తే, అవును. అరగంట నడకకు ఖర్చయ్యేది నూరు, నూటయాభై క్యాలరీలే, రెండు మిరపకాయ బజ్జీలు దాన్ని మింగి ఇంకా మిగులుతాయి. బరువు తగ్గడం ప్లేటు దగ్గర తేలే సంగతి, మైదానంలో కాదు. అయితే గుండెకు, కీళ్లకు, నిద్రకు, షుగరుకు జరిగిన మేలును బజ్జీ వెనక్కు లాక్కోలేదు. మేం ఆదివారం మాత్రం తింటాం. బొరుగుల ఉగ్గాని మీద పప్పులపొడి వేసి, పక్కన బజ్జీ పెట్టిచ్చాక కూడా క్యాలరీలు లెక్కపెట్టేవాడితో నేను నడవలేను.

## ఎండాకాలం, రంజాన్, ఉగాది

ఏప్రిల్, మే నెలల్లో ఏం చేయాలి? ఆరింటికే చెమటలు.

కర్నూలు ఎండ సంగతి మనకు ఒకరు చెప్పాలా. 42, 43 డిగ్రీలు వచ్చే రోజుల్లో రాత్రి కూడా బండలు చల్లారవు. ఐదున్నరకు మొదలుపెట్టి ఆరున్నరకు ఇంట్లో ఉండండి. ఎండ ముదిరిన మొదటి వారం దూరం సగానికి తగ్గించండి, వేడికి ఒళ్లు సర్దుకోవడానికి ఒకటి, రెండు వారాలు పడుతుంది. దప్పికయ్యేదాకా ఆగకుండా పోయేముందే ఒక గ్లాసు నీళ్లు తాగండి, వచ్చాక ఉప్పేసిన పలచటి మజ్జిగ. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టరును అడగాలి. నన్నారి షర్బత్ చలవే, కానీ అందులో సగం చక్కెర పాకం, షుగరున్నవాళ్లు దూరం నుంచే దండం పెట్టండి. నడుస్తుండగా తల దిమ్మెక్కినా, వాంతి వచ్చేలా ఉన్నా నీడకు చేరి కూర్చోండి. ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ. నీళ్లతో ఒళ్లంతా తడిపి, విసురుతూ, 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

మే నెలంతా ఇంట్లోనే వరండాలో అటూఇటూ తిరిగినా నేను హాజరు వేసుకుంటాను.

రంజాన్ నెలలో రోజా ఉంటూ నడవవచ్చా సార్?

మా గుంపులో పాతబస్తీ నుంచి వచ్చేవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పద్ధతి చెప్తాను. సహరీ, అంటే తెల్లవారకముందు తినే భోజనం, తర్వాత నడక పెట్టుకోరు, పెట్టుకుంటే పగలంతా దప్పిక. ఇఫ్తార్‌కు ముందు ఇరవై నిమిషాలు నింపాదిగా, లేదా ఇఫ్తార్ అయిన గంటకు. ఆ నెల రాత్రుల్లో చేసే తరావీహ్ నమాజులో లేవడం, వంగడం, సజ్దా చేయడం కూడా ఒంటికి మంచి కదలికే, ఆ నెల అది చాలనుకునేవాళ్లూ ఉన్నారు, తప్పేం లేదు. షుగరు మందులు వాడేవాళ్లు నెల ముందే డాక్టరుతో మాట్లాడి మాత్రల వేళలు మార్పించుకోవాలి. రోజాలో ఉండగా షుగరు 70 కంటే తగ్గినా, 300 దాటినా ఆరోజు విరమించమనే డాక్టర్లు చెప్తారు.

ఉగాదికి శ్రీశైలం కాలినడకన వస్తానని మొక్కుకున్నా. నెలరోజులే ఉంది. అలవాటు లేదు.

ఉగాది ముందు కన్నడ భక్తులు మన ఊరి మీదుగా గుంపులు గుంపులుగా నడిచిపోవడం చూస్తే ఎవరికైనా కాళ్లు లాగుతాయి. వాళ్లలో చాలామంది పొలం పని చేసే మనుషులు, ఏటా నడిచేవాళ్లు. వాళ్లతో కుర్చీ ఉద్యోగం కాళ్లను పోల్చుకోకండి.

నెలరోజుల్లో కర్నూలునుంచి మొత్తం దారికి సిద్ధం కావడం అలవాటులేని మనిషికి కష్టం. వెంకటాపురం దాకా బండిలో పోయి, అక్కడినుంచి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా అడవిదారి నడవండి. అదీ తేలికేం కాదు, భీమునికొలను దగ్గర దిగి ఎక్కే మెట్లు మోకాళ్లను పరీక్షిస్తాయి. ఈ నెలంతా వారంలో ఒకరోజు మాత్రం దూరం పెంచుతూ పోండి, తక్కిన రోజులు మామూలుగా నడవండి. ఇంట్లో మెట్లు ఎక్కడమే కాదు, దిగడం కూడా అలవాటు చేయాలి. బొబ్బలు రాకుండా వేళ్ల మధ్య వ్యాజలీన్ రాసుకుని మేజోళ్లు వేసుకోండి. కొత్త చెప్పులతో బయలుదేరకండి. ఆ నాలుగువారాల్లో ఒక్కరోజు కూడా మూడుగంటలు నడవలేకపోతే వచ్చే ఏటికి పెట్టుకోండి. మొక్కు మల్లన్నది, తారీఖు మీరు పెట్టుకున్నది.

## నొప్పులు, జబ్బులు

మోకాళ్లు అరిగిపోయాయన్నారు. నడిస్తే ఇంకా అరుగుతాయి కదా?

కీలు టైరు కాదు, తిరిగినకొద్దీ అరగడానికి. ఎముకల చివర ఉండే మెత్తటి మృదులాస్థికి రక్తనాళాలు లేవు. మనం అడుగు వేసినప్పుడు స్పాంజిలా నొక్కుకుని, ఎత్తినప్పుడు ఉబ్బి, కీలులోని ద్రవంలోంచే అది పోషణ తీసుకుంటుంది. కదలకుండా కూర్చుంటే దానికి తిండి ఉండదు. తొడ కండరాలు బలపడితే మోకాలిమీద భారం పంచుకుంటాయి. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలిమీద నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందని 2005లో ఒక అమెరికా అధ్యయనం తేల్చింది.

అరిగిన మోకాలికి హాని చేసేది నడక కాదు, తొందర. ఇది నా అనుభవం. రిటైరయ్యాక ఒక పదికిలోమీటర్ల పరుగులో పేరిచ్చాను. ముప్పై ఏళ్లు పిల్లల్ని ‘పరుగెత్తండిరా’ అని విజిల్ వేసి తరిమినవాణ్ని, నేను పరుగెత్తలేనా అని. వాళ్లు పరుగెత్తినప్పుడు నేను నిలబడి ఉన్నానన్న సంగతి ఆరో కిలోమీటరు దగ్గర గుర్తొచ్చింది. పూర్తిచేశాను, మెడల్ వేశారు, మర్నాడు మోకాలు కొబ్బరికాయంత వాచింది. మూడునెలలు మెట్లు దిగలేదు. ఆ మెడల్ ఇప్పుడు మా మనవడి బొమ్మల డబ్బాలో ఉంది.

ఏ నొప్పికి ఆగాలి, ఏ నొప్పితో నడవవచ్చు?

కండరం మధ్యలో మొద్దునొప్పి, కదిలితే తగ్గేది అయితే నడవండి. కీలులో సూదిలా పొడిచేది, కుంటేలా చేసేది, మర్నాటి ఆ వేళకు కూడా తగ్గనిది అయితే నిన్న ఎక్కువ చేశారని అర్థం, సగానికి తగ్గించండి. వాపు వస్తే ఆగండి. ఛాతీలో బరువు, ఎడమచెయ్యికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట, ఉన్నట్టుండి ఆయాసం వస్తే గ్యాసనుకుని సోడా తాగకండి. కూర్చుని 108కి ఫోన్ చేయించండి, ఆటో కోసం రోడ్డుమీదకు నడవకండి.

షుగరు మాత్ర వేసుకుని పరగడుపున నడవవచ్చా?

ఏ మాత్ర అన్నదాన్నిబట్టి. కొన్నిరకాల మాత్రలు, ఇన్సులిన్ తీసుకుని ఏమీ తినకుండా నడిస్తే షుగరు పడిపోవచ్చు. మీ మాత్ర అలాంటిదా అని డాక్టరును సూటిగా అడగండి. జేబులో చక్కెర పొట్లం ఉంచుకోండి. చేతులు వణికి, చెమటపట్టి, ఆకలి దంచేస్తే మూడు చెంచాల చక్కెర నోట్లో వేసుకుని కూర్చోండి, పావుగంటకు తగ్గకపోతే మళ్లీ మూడు చెంచాలు. బెల్లం చెక్కీ పనికిరాదు, అందులోని శెనక్కాయల కొవ్వు చక్కెరను తొందరగా ఎక్కనివ్వదు.

## ఒప్పుకున్న పనులు, ఒప్పుకోనక్కర్లేని పనులు

నడకకు టైం దొరకడం లేదు సార్. పొద్దున లేస్తే ఎవరిదో ఒక పని.

రిటైరయ్యాక నాకు తీరిక దొరుకుతుందని నేననుకున్నాను. సారుకు తీరికుందని ఊరంతా అనుకుంది. ఆరునెలలు తిరిగేసరికి గుడి కమిటీలో లెక్కలు నావే, వీధి సీసీ రోడ్డు అర్జీ నాదే, పూర్వవిద్యార్థుల సమావేశానికి హాలు చూడటం, మేనల్లుడి కూతురి సంబంధం విచారించడం నావే. ఒకరోజు పాత హాజరుపట్టీ తీసి నేను ఒప్పుకున్న పనులన్నీ రాశాను. పద్నాలుగు తేలాయి. అందులో నేనే కావాలని తీసుకున్నవి మూడు. తక్కిన పదకొండూ నిలబడి ఒప్పుకున్నవి: టీకొట్టు దగ్గర, గుడిమెట్లమీద, బస్టాండులో. నిలబడి ఉన్న మనిషి తొందరగా సరేనంటాడు.

అప్పటినుంచి నిలబడి ఏదీ ఒప్పుకోను. ‘ఇంట్లో మాట్లాడి రేపు చెప్తా’ అంటాను. ఇంటికొచ్చి కూర్చుని, నా అధ్వాన్నమైన వారం ఏదో, జ్వరమూ చుట్టాలూ కలిసివచ్చిన వారం ఎలా ఉంటుందో తలుచుకుని, అప్పుడు కూడా ఈ పని చేయగలనా అని చూసుకుంటాను. చేయలేనంటే వద్దు. మీరూ ఒక కాగితం తీసి రాయండి. టైం ఎటు పోతోందో వెతకక్కర్లేదు, అక్కడే ఉంటుంది.

కాదని చెప్తే చెడ్డ అనిపించుకోమా?

ఒకపూట అనిపించుకుంటాం. ఒప్పుకుని చేయకపోతే ఏడాదంతా అనిపించుకుంటాం. చెప్పే తీరు ముఖ్యం. కారణాలు ఏకరువు పెట్టకండి. ‘బండి లేదన్నా’ అంటే బండి పంపిస్తారు, ‘మోకాలు నొప్పి’ అంటే నూనె చెప్తారు. ప్రతి కారణానికీ వాళ్ల దగ్గర ఒక పరిష్కారం ఉంటుంది. చేయగలిగిన చిన్న ముక్క చెప్పి, తక్కినది వద్దనండి: ‘అన్నా, లెక్కలు మాత్రం ఈ ఏడు నా వల్ల కాదన్నా. తేరురోజు వచ్చి మజ్జిగ పందిరి దగ్గర నిలబడతా.’ ‘వదినా, వంటకు రాలేను, ముందురోజు వచ్చి కూరగాయలు తరుగుతా.’ ఆ ముక్క మాత్రం తప్పకుండా చేయాలి.

పెళ్లిళ్లు, గృహప్రవేశాలు అన్నిటికీ పోవాలా? మాఘం వస్తే నిద్ర ఉండదు.

నేను ముహూర్తానికి పోయేవి, పోనివి అని రెండుగా విడగొట్టుకున్నాను. నేను కనబడకపోతే ఎవరి కళ్లు వెతుకుతాయో ఆ పెళ్లికి ముహూర్తానికే పోతాను, తెల్లవారుజాము మూడైనా సరే. తక్కినవాటికి ఆ వారంలో ఒక సాయంత్రం ఇంటికి పోయి, చదివింపులిచ్చి, పిల్లను పిల్లవాణ్ని దీవించి వస్తాను. వాళ్లకూ అప్పుడే మాట్లాడే తీరిక. రాత్రంతా మేలుకున్నాక ఆ పొద్దున నడవకండి, పడుకోండి. నిద్ర చంపుకుని చేసే వ్యాయామం నాకు నచ్చదు.

తెలిసినాయన చీటీకి జామీను సంతకం పెట్టమంటున్నాడు. మొహమాటంగా ఉంది.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం జామీనుదారుడి బాధ్యత, వేరే ఒప్పందం ఉంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ఆయన కట్టకపోతే ఆ డబ్బంతా మీరు కట్టగలరా? కట్టి కూడా ఆయనతో మాట్లాడగలరా? రెండిటికీ అవునంటేనే పెట్టండి.

కమిటీ పదవి ఒప్పుకుని ఇరుక్కున్నాను. మధ్యలో దిగిపోవచ్చా?

దిగవచ్చు, దూకకూడదు. తారీఖు చెప్పండి, ‘దసరా దాకా చూస్తా’ అని. ఆలోపు పుస్తకాలు, తాళాలు, రసీదులు సర్దిపెట్టి నలుగురి ముందర అప్పజెప్పండి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. నేను గుడి లెక్కలు అప్పజెప్పిన రోజు ఇంటికొచ్చి మధ్యాహ్నం రెండుగంటలు నిద్రపోయాను. అంత నిద్ర అప్పుగా ఉందని నాకే తెలియదు.

## ఆగిపోయాక

మూడునెలలు మానేశాను. మళ్లీ మొదటినుంచా?

సగంనుంచి. నడక మానేస్తే దమ్ము రెండుమూడు వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది, కండబలం కొంచెం నిదానంగా తగ్గుతుంది. ఒకసారి సంపాదించినదాన్ని తిరిగి తెచ్చుకోవడం మాత్రం మొదటిసారికంటే తేలిక. మానేముందు నలభై నిమిషాలు నడిచేవాళ్లయితే ఇరవైతో మొదలుపెట్టి, రెండువారాలు అక్కడే ఉండండి. పోయిన మూడునెలలను రోజుకు గంట నడిచి తీర్చుకోవాలనుకోకండి, ఇది బ్యాంకు బాకీ కాదు. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చి లేచినవాళ్లు డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి.

మళ్లీ వస్తే అందరూ ‘ఏం సార్, ఇన్నాళ్లు కనబడలేదు’ అంటారు. సిగ్గుగా ఉంది.

అంటారు. ‘కనబడ్డాను కదా’ అనండి.

మీ గుంపులో చేరాలంటే ఏం చేయాలి? ఫీజు ఉందా?

ఫీజు లేదు, వాట్సాప్ గ్రూపు కూడా లేదు. చలికాలం ఆరింటికి, ఎండాకాలం ఐదున్నరకు గేటు దగ్గర ఉంటాం. రానివాళ్లకు ఫోన్ చేయం. టీ డబ్బులు ఎవరివి వాళ్లవే, కొత్తగా వచ్చినవాళ్లకు మాత్రం మొదటిరోజు టీ నాది.